చేతులు కొంచెం పొడుగ్గా

మిషనక్క పోయి పదకొండు రోజులైందని ఆమె తమ్ముడి భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందుగా గుండుసూదులు గుర్తొచ్చాయి. పనిలో ఉన్నంతసేపూ ఆమె పెదవుల మధ్య నాలుగైదు సూదులు ఉండేవి. వాటిని తీయకుండానే మాట్లాడేది, తిట్టేది, ఫోనెత్తి "ఇంకా కాలే" అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె ఎక్కడ మింగేస్తుందోనని నోటి వైపే చూస్తూ, తాము చెప్పాలనుకున్నది మరిచిపోయేవాళ్ళు.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాయచూరులో మా గల్లీ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఆమె మిషనక్క. ఒకరితో కన్నడం, ఒకరితో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేది. కొలతను మాత్రం మూడింట్లోనూ "నాప్" అనేది. తీన్ కందిల్ దగ్గర సందులో ఒక షట్టరు గది ఆమె దుకాణం. ముందు తొక్కుడు మిషను, ఒక బెంచీ. వెనక సగం పాత దుప్పటితో కట్టిన పరదా, దాని వెనక ఒక అద్దం. గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో గుడ్డ సంచి, సంచికి చీటీ. కుట్టవలసిన రవికలన్నీ ఆ సంచుల్లోనే ఉండేవి. మిషనుకు సరిగ్గా పైనున్న మేకుకు సంచి ఉండేది కాదు. వెలిసిపోయిన నీలం రవిక ఒకటి వేలాడుతుండేది. అదేమిటని ఎవరైనా అడిగితే, "నేను చెడగొట్టిన రవిక" అనేది. నేను ఒకసారి దించి తిప్పి తిప్పి చూశాను. ఒక్క కుట్టు వంకర లేదు, హుక్కులు కూడా వరసగా ఉన్నాయి. ఏం చెడిందో తెలియలేదు.

ఆమె మీద ఊళ్ళో రెండు ఫిర్యాదులు ఉండేవి. ఒకటి, ఆది రవిక తీసుకోదు. కొలత కోసం ఇంట్లోంచి పాత రవిక పంపిస్తే దర్జీలందరూ దాని మీద కుట్టి ఇస్తారు. ఈమె మాత్రం మనిషే రావాలనేది. ముసలివాళ్ళయినా, కోడలికి తీరిక లేదని అత్త వచ్చి చెప్పినా, ఆదిని మడిచి తిరిగి చేతిలో పెట్టేసేది. గర్వం అనుకునేవాళ్ళు. రెండోది ఆలస్యం. చెప్పిన రోజుకు ఇవ్వదు. మా ఆడబిడ్డ అనేది, "పెండ్లికని బట్టిస్తే సీమంతానికి రవికిస్తది." అయినా అందరూ ఆమె దగ్గరికే పోయేవాళ్ళు, వీపు మీద ఒక్క ముడత పడేది కాదు కనుక.

చిత్రం ఏమిటంటే ఆ మాటన్న మా ఆడబిడ్డ రవికలు మూడు రోజుల్లో వచ్చేవి. నాకు ఇది చాలా రోజుల తరువాత తట్టింది.

నేను మొదటిసారి పోయింది రెండేళ్ళ కింద మే నెలలో. మా పాపకు అప్పుడు ఏడో నెల. మరిది గృహప్రవేశానికి కొత్త చీర ఇచ్చారు. నేను ఆది రవిక పట్టుకుని, పాపను చంకనేసుకుని వెళ్ళి, "చేతులు కొంచెం పొడుగ్గా పెట్టక్కా, మోచేతి దాకా" అన్నాను. రాయచూరులో మే నెలంటే పొద్దున పదింటికే నల్లా నీళ్ళు కాగిపోతాయి. దుకాణంలో ఫ్యాను ఉండీ లేనట్టే. బెంచీ మీద ఎవరో ఒకామె తన రవిక చేతులు ఇంకా పొట్టిగా చేయమని బతిమాలుతోంది. ఆమె పక్కన నిలబడి నేనడిగింది ఇది.

మిషనక్క ఆదిని అందుకోలేదు. పాపను తీసి ఆ బెంచీ మీది ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, నన్ను పరదా వెనక్కి పిలిచింది.

"చెయ్యి లేపు," అంది. ఎడమ చెయ్యి లేపాను. "రెండోది." రెండోది భుజం దాటలేదు.

ఆమె టేపు మెడలోంచి తీసి ఛాతీ, నడుము, భుజం కొలిచింది. తరువాత నా కుడిచేతి గుడ్డ పైకి మడిచి, అక్కడున్న మచ్చ మీద కూడా టేపు పెట్టి కొలిచింది. నోటు పుస్తకంలో నా పేరు కింద, చేతి కొలత పక్కన, ఆ అంకె కూడా రాసి తేదీ వేసింది. అది దేని కొలత అని నేను అడగలేదు. అడిగితే చెప్పవలసి వచ్చేది నేనే కదా.

"తలుపుకు తగిలిందా?" అంది సూదుల సందులోంచి.

అవునన్నాను. నేను ఇంట్లో తయారుచేసుకుని వచ్చిన జవాబు కూడా అదే.

"మా ఇంట్ల గూడ ఉండె, అసొంటి తలుపు," అంది ఆమె. "గురువారం రా. తొడిగి చూడాలె."

గురువారం వెళితే రవిక కాలేదు. ఆ తరువాతి గురువారమూ కాలేదు. నాకు కోపం రాలేదనే చెప్పాలి. బి.కాం. చదివి, పెళ్ళయిన మూడేళ్ళలో ఒక్కదాన్నే వీధిలోకి రావడానికి నాకు దొరికిన కారణం అదొక్కటే. గుడికి అత్తగారు తోడు వచ్చేవారు. ఆస్పత్రికి ఆయన తీసుకుపోయేవాడు. బజారులో వాళ్ళకు పాత్రల దుకాణం ఉంది, ఎవరిని అడిగినా ఆయనంత నెమ్మదస్తుడు లేడంటారు. గిన్నె కొననీకి వచ్చినవాళ్ళకు కుర్చీ వేసి మజ్జిగ ఇప్పించే మనిషి. ఇంట్లో ఆయన చెయ్యి ఎప్పుడు లేస్తుందో నాకు కూడా ముందు తెలిసేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైన రోజు లేవలేదు, పాప నవ్విన రోజు లేచింది. చంద్రబండలో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, సర్దుకుపో తల్లీ, ఆడపిల్ల పుట్టింది, రేపు దానికి తండ్రి కావాలి కదా అనేది. అమ్మ చెడ్డది కాదు. ఆమెకు ఇంకో మాట ఎవరూ నేర్పలేదు.

ప్రతి గురువారం ఆ బెంచీ మీద ఒకే ఆవిడ ఉండేది. వకీలు. ఆమె రవిక కూడా ఎప్పటికీ అయ్యేది కాదు. మొదట ఎండల సంగతి మాట్లాడుకున్నాం. తరువాత పాపకు పళ్ళు వస్తున్న సంగతి. మూడో వారం ఆమె, ఏమీ పట్టనట్టు, ఇల్లు వదలకుండానే కోర్టు నుంచి రక్షణ అడగవచ్చనీ, వదిలితే పిల్ల తల్లి దగ్గరే ఉండేలా అడగవచ్చనీ, దేనికైనా కాగితాలు చేతిలో ఉండాలనీ చెప్పింది. అప్పుడు మిషనక్క మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను అటు చూశాను. సూది కింద బట్ట లేదు. మా మాటలు సందులోకి పోకుండా ఖాళీ మిషను తొక్కుతోంది.

మిషనక్క ఎప్పుడూ ఇల్లు వదిలి రమ్మని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. ఒకామె మూడుసార్లు వెళ్ళిపోయి మూడుసార్లు భర్త దగ్గరికే తిరిగి వచ్చిందట. సందులో వాళ్ళు ఆమెను చూసి నవ్వేవాళ్ళు. మిషనక్క మాత్రం నాలుగోసారి కూడా నాప్ తీసింది. "ఇప్పి కుట్టుడు నా పనే గద," అంది.

అంతా ఆమె అనుకున్నట్టే జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఐదోసారి నేను దర్జీ దగ్గరికి అనగానే ఆయన చెప్పులేసుకున్నవాడు ఆగి, ఒక్క రవికకు ఎన్నిసార్లు పోతావు, ఎవరిని చూడటానికి పోతున్నావు అన్నాడు. ఆ తరువాత జరిగింది రాయలేను. పాప మంచం మీద కూర్చుని చూసింది. తరువాతి గురువారం నేను దుకాణం మెట్టెక్కుతూనే, "నీ వల్లనే అక్కా," అన్నాను. గట్టిగానే అన్నాను. బెంచీ మీద ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. ఆ పెదవులు ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. అవి వణుకుతున్నాయి.

"నా తప్పే," అంది. "ఇంటికి పోయి చూపియ్యనీకి నీ చేతుల ఏం పెట్టకపోతి."

అప్పటికప్పుడు నా బట్ట కత్తిరించి, వెన్నూ ముందూ కలిపి, ఒక చేతిని మాత్రం కచ్చాగా కుట్టి ఇచ్చింది. అత్తగారు ఆ ఒంటిచేతి రవికను పట్టుకుని పావుగంట సేపు మిషనక్కను తిట్టిపోశారు. ఆయన దాన్ని చూసి నవ్వాడు. ఆ నవ్వుతో నాకు ఇంకో నాలుగు గురువారాలు దొరికాయి.

కచ్చా కుట్టు వేస్తూనే, ఆ రోజు, ఆమె నాకు నీలం రవిక సంగతి చెప్పింది.

"యాపలదిన్ని ఊరి మొగాయన. పెండ్లాం ఆది తెచ్చి ఇస్తుండె. ఆమె మొకం నేను చూడనే లేదు. మొదట చేతులు రెండు వేళ్ళు పొడుగు పెట్టమనె. ఆరు నెలలకు ఇంకో రెండు వేళ్ళు. ఎండకాలంల గూడ మోచేయి దాటి. వీపు మూసి, మెడ పైకి. అడిగినట్ల కుట్టిస్తి. ఎంత నీట్‌గ కుడితి బిడ్డా, ఆమె ఒంటి మీద ఏముందో ఎవ్వరికి కనపడకుంట కుడితి."

ఆ పెండ్లాం కాలు జారి బావిలో పడి చచ్చిపోయిందని ఊరంతా అన్నదట. మూడు నెలలకు ఆయన మళ్ళీ వచ్చాడు. చేతిలో ఆది, మిషనక్క కుట్టిన ఆ నీలం రవికే. కొత్తామె కూడా ఇంతే ఉంటుంది, కొంచెం వదులు పెట్టు చాలు, అన్నాడట. మిషనక్క ఆ రవిక తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు. ఆయన అడిగినప్పుడల్లా ఇంకా కాలేదని చెప్పి పంపించేసింది. ఆ కొత్తామెను ఒక్కసారి తీసుకురమ్మని ఎన్నోసార్లు కబురు పెట్టింది. ఆమె రానేలేదు. ఏమైందో మిషనక్కకు చివరి దాకా తెలియలేదు. అప్పటి నుంచీ ఎవరి ఆదీ ముట్టుకోలేదు.

ఆ తరువాతి గురువారాల్లో నేను పాప గుడ్డల మధ్య ఒక్కొక్క కాగితం పెట్టుకుని పోయాను. పాప పుట్టిన సర్టిఫికెట్టు, నా డిగ్రీ, ఆధార్ జిరాక్సు. అన్నీ నా చీటీ ఉన్న సంచిలో, గోడ మీద, అందరి కళ్ళ ముందూ వేలాడాయి. ఆయన ఒకసారి అదే సందులో బండి ఆపి నా కోసం నిలబడ్డాడు. ఆ సంచికి మూరెడు దూరంలో.

ఆగస్టులో ఒక గురువారం నేను ఇంటికి తిరిగి పోలేదు. బస్సెక్కే ముందు మిషనక్క సంచి నా భుజానికి తగిలించింది. చిక్కసూగూరులో పెద్దమ్మ ఇంట్లో దాన్ని విప్పితే, కాగితాల అడుగున రవిక ఉంది. పూర్తయి, ఇస్త్రీ చేసి ఉంది. మడత గీతలు చూస్తే అయిపోయి చాలా రోజులైందని తెలుస్తోంది. చేతులు పొట్టిగా ఉన్నాయి. ఫోన్ చేసి, పొడుగ్గా అన్నాను కదక్కా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి అనాలి కనుక అన్నాను.

"కుట్టను," అంది. "ఒకసారి కుట్టిన గద, ఆ పని."

ఆ తరువాత నేను ఆమెను చూడలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇప్పుడు నాకు రాయచూరులోనే ఇంకో చివర ఒక గది, ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం, ఆయన నా దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన కాగితం ఉన్నాయి. కాగితం బీరువాలో ఉంది, భయం నాతోనే ఉంది. తీన్ కందిల్ వైపు పోతే ఎవరైనా చూస్తారని, బజారు చిన్నదని, రేపు పోదాం ఎల్లుండి పోదాం అనుకుంటూ ఇన్ని నెలలు గడిపాను. సందులో బండి నెమ్మదించిన చప్పుడైతే నా కూతురు కిటికీ వైపు చూడదు. నా ముఖం వైపు చూస్తుంది. దానికింకా మూడేళ్ళు నిండలేదు. నా దగ్గర అది నేర్చుకున్న మొదటి సంగతి అదేనేమోనని నాకు నిద్రపట్టదు.

ఆ ఫోను వచ్చింది మొన్న శనివారం. మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చిందట. లేపితే లేవలేదట. మీ బట్ట ఏమైనా ఉంటే తీసుకుపోండి అంది తమ్ముడి భార్య. పాపను తీసుకుని పోయాను. మిషనక్క కుట్టిన ఆ పొట్టి చేతుల రవికే వేసుకున్నాను.

షట్టరు సగం ఎత్తి ఉంది. గోడ మీద సంచులు మూడు వంతులు ఖాళీ అయ్యాయి. తమ్ముడి భార్య, పాపం మంచి మనిషి, చీటీల మీది నెంబర్లు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది. చచ్చిపోయిన మనిషి ఇంట్లో ఒకరి బట్ట ఉంచుకోకూడదని వాళ్ళ ఇంట్లో అంటారట, అందుకే తొందర.

"ఈ సంచి చూడు చెల్లె," అంది నాతో. "రవిక బట్ట గూడ కత్తిరియ్యలే. అన్ని కాగితాలే ఉన్నయ్. అక్క ఎందుకు పెట్టిందో ఏమో."

పసుపు బట్ట, మడత విప్పనిది. దాని లోపల ఒక పిల్లవాడి టీకాల కార్డు, ఓటరు కార్డు జిరాక్సు, ఒక కవరులో నాలుగు ఫొటోలు. ఫొటోల్లో ఒక్కటే చూశాను. మిగతావి చూడనవసరం లేదు.

ఈ సంచి ఆమెకు ఫోన్ చేశావా వదినా అని అడిగాను. చేసిందట. మొగాయన ఎత్తాడట. నాలుగింటికి నేనే వచ్చి తీసుకుపోతా అన్నాడట. గోడ గడియారంలో నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ.

ఆ ఇరవై నిమిషాల్లో నేను వదినకు అంతా చెప్పాను. ఆమె బెంచీ మీద కూలబడి, అక్క నాకేం చెప్పలేదే, నాకేం ఎరుక, అని అదే మాట అంటూ ఉండిపోయింది. మొదట నాకు తోచింది కూడా పారిపోవడమే. సంచి తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ వచ్చినవాడికి సంచి లేదంటే ఇంటికి పోయి అడిగేది ఆ సంచి ఆమెనే. బట్ట మాత్రం ఇచ్చి పంపితే ఆమెకు గురువారాలు ఉండవు. షట్టరు దించేస్తే రేపు వస్తాడు. ఎటు తిరిగినా ఒకరు ఇక్కడ కూర్చుని ఇంకా కాలేదన్న మాట అనాలి. వదిన ఇంకా నాకేం ఎరుక అంటూనే ఉంది. వచ్చేవాడు బజారు మనిషైతే నన్ను గుర్తుపడతాడు, ఆయనకు చెబుతాడు. అది కూడా ఆలోచించాను.

పాపను వదిన ఒళ్ళో కూర్చోబెట్టాను. కాగితాలు, ఫొటోలు, పసుపు బట్ట పరదా వెనక అద్దం కింద పెట్టాను. టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చున్నాను. పెదవులు వణుకుతున్నాయి, ఆపితే ఆగడం లేదు. దిండు మీది సూదులు నాలుగు తీసి వాటి మధ్య పెట్టుకున్నాను. సూదులు పట్టుకోవాలంటే పెదవులు కదలకూడదు. ఇన్నాళ్ళూ ఆమె వాటిని ఎందుకు తీసేది కాదో నాకు అప్పుడు తెలిసింది.

తెల్ల చొక్కా, మర్యాదైన మనిషి. చెప్పులు బయట విడిచి వచ్చాడు. మిషనక్క పోయినందుకు అయ్యో పాపం అన్నాడు. చీటీ చూపించాడు.

"ఇంకా కాలేదన్నా," అన్నాను.

"ఫోన్ చేసి రమ్మంటిరి గదమ్మా?"

"బట్ట కత్తిరించి ఉంది. సగంల ఇయ్యలేం. నాప్ మళ్ళా తియ్యాలె. గురువారం ఆమెను పంపు."

ఆయన సందులోకి చూశాడు, పాపను చూశాడు, నన్ను చూశాడు. ఆమెకు తీరదు, ఇంట్లో పని ఉంటుంది, ఆది తెచ్చి ఇస్తా, దాని మీద కుట్టేయండి అన్నాడు.

తల ఎత్తలేదు. మిషను పైన నీలం రవిక ఫ్యాను గాలికి కదులుతోంది.

"ఆది తీసుకోం," అన్నాను.

ఒప్పుకున్నాడో లేదో తెలియదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నెలాఖరు దాకా దుకాణం ఉంచుతానని వదిన తాళం చెవి నాకిచ్చింది. వకీలావిడకు ఫోన్ చేశాను. తన రవిక కూడా ఇంకా కాలేదని, వస్తానని అంది.

రేపు గురువారం. పాప నిద్రపోయింది. నాకు హుక్కు కుట్టడం కూడా సరిగా రాదు. అయినా పసుపు బట్ట ముందేసుకుని కూర్చున్నాను. మిషనక్క నోటు పుస్తకంలో ఆ బట్ట ఇచ్చినామె పేజీ తీశాను. ఛాతీ, నడుము, చెయ్యి, చేతి పక్కన ఇంకో అంకె, తేదీ. కత్తిరించాను. కొంచెం వంకరగానే పోయింది. వెన్నూ ముందూ కలిపాను. ఇప్పుడు ఒక చేతికి కచ్చా కుట్టు వేస్తున్నాను, పొట్టిగానే. ఆమె వస్తే, ఇంటికి పోయి చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.